పేరిత మొక్క తెచ్చిస్తామంటే కొనొద్దు, పెంచే లైసెన్సు మాత్రం అడుగుదాం

పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చేసుకుని చదవండి.

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు వాన తప్పిన ప్రతి ఏడూ ఏదో ఒక చెట్టు పేరు తిరుగుతుంది. ఒక ఏడు శ్రీగంధం, ఒక ఏడు ఎర్రచందనం, ఒక ఏడు మలబారు వేప. ఇప్పుడు సైకస్ వంతు వచ్చింది. "శెనక్కాయ వేసి ఏం మిగిలింది? సైకస్ పెట్టు. నీళ్లు అక్కర్లేదు, మందు అక్కర్లేదు, బెంగళూరులో విల్లాల వాళ్లు ఎగబడి కొంటారు" అని చెప్పేవాళ్లు తయారైనారు. దీని వెనకాలే ఇంకో మాట కూడా చెవిన పడుతుంది. "నర్సరీ సైకస్ కాదు, శేషాచలం కొండల అసలు పేరిత తెచ్చిస్తాం" అని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తర్వాత కారణాలు. నర్సరీ సైకస్ నాలుగు మొక్కలు పెట్టుకుంటే తప్పు లేదు, కానీ అది శెనక్కాయకు బదులు పంట కాదు. పేరిత మొక్కను కాగితం లేకుండా ఎవరు తెచ్చినా కొనొద్దు, జైలు దాకా పోతుంది. అట్లాగని పేరితను అడవికే వదిలేసి మనం చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా సరి కాదు. చట్టంలోనే పెంచే దారి ఉంది. ఆ దారి రైతుకు తెరవమని అడగాల్సింది మనమే.

ముందు ఈ చెట్టు ఏందో తెలుసుకుందాం.

సైకస్‌ను చూడగానే ఈతచెట్టు అనుకుంటాం. ఆకు అట్లాగే ఉంటుంది, మొద్దు మీద పాత మట్టల గుర్తులు అట్లాగే ఉంటాయి. కానీ ఈతకు, తాటికి దీనికి చుట్టరికం లేదు. ఈత, తాటి, కొబ్బరి పూలు పూసి కాయ కాసేవి. సైకస్‌కు పువ్వు లేదు, కాయ లేదు. విత్తనం ఏ కాయలోనూ దాక్కోకుండా బయటికే ఉంటుంది. రాక్షసబల్లులు తిరిగిన కాలానికి ముందు నుంచీ ఉన్న వంశం ఇది.

తాటిలో పోతుతాడు, పెంటితాడు వేరువేరుగా ఉన్నట్టే ఇందులోనూ మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగచెట్టు నెత్తిన పెద్ద మొక్కజొన్న కంకి లాంటిది నిలబడుతుంది. పుప్పొడి అంతా దాంట్లోనే. ఆడచెట్టు నెత్తిన ఆకుల్లాంటి చిన్న రెక్కలు గుత్తిగా వచ్చి, వాటి అంచుల్లో విత్తనాలు పడతాయి. కంకి వచ్చేదాకా ఏది మగో ఏది ఆడో ఎవరూ చెప్పలేరు. నర్సరీ సైకస్ విత్తనం నుంచి పెరిగితే ఆ కంకి రావడానికి పదిహేనేళ్లు, అంతకన్నా ఎక్కువ కూడా పడుతుంది. ఈరోజు విత్తనం పెట్టినోడు బిడ్డ పెళ్లి చేసేనాటికి గానీ అది మగదో ఆడదో తేలదు.

ఇంకో సంగతి మనకు బాగా అర్థమయ్యేది. శెనక్కాయ వేర్లకు బుడిపెలుంటాయి కదా, గాలిలో నత్రజని పట్టి మొక్కకు ఇచ్చేవి. సైకస్‌కు కూడా అట్లాంటి ఏర్పాటు ఉంది. దాని వేర్లలో కొన్ని కిందికి పోకుండా పైకి తిరిగి, పగడం కొమ్మల్లా గుబురుగా నేల పైపొరలో ఉంటాయి. వాటిలో నీలి ఆకుపచ్చ నాచు కాపురం ఉండి నత్రజని ఇస్తుంది. అందుకే రాళ్ల గుట్ట మీద, సారం లేని నేలలో కూడా ఇది బతుకుతుంది. తెలియనోళ్లు ఆ వేర్లను చూసి తెగులు అనుకుని కోసేస్తారు. కోయొద్దు.

ఇక పేరిత సంగతి.

పేరిత అంటే శాస్త్రం పేరు సైకస్ బెడ్డోమి. మద్రాసు ప్రెసిడెన్సీ అడవుల శాఖలో పనిచేసిన బెడ్డోమ్ అనే తెల్లదొర కడప కొండల్లో దీన్ని సేకరిస్తే, 1883లో ఇంగ్లండులోని క్యూ తోటకు చెందిన థిసెల్టన్ డయర్ ఆయన పేరు మీద దీనికి పేరు పెట్టినాడు. ప్రపంచంలో ఇది సహజంగా పెరిగేది మన రాయలసీమ కొండల్లోనే. తిరుమల, శేషాచలం, ఆ చుట్టుపక్కల కడప కొండలు. ధర్మవరంలో రైలెక్కి కదిరి, మదనపల్లె, పాకాల మీదుగా తిరుపతి దిగితే, కళ్ల ముందు కనపడే కొండల్లో ఉంది.

చెట్టు పెద్దదేం కాదు, మనిషి ఎత్తుకు మించదు. ఎండాకాలంలో కొండకు మంట అంటుకుంటే ఆకు కాలిపోతుంది గానీ, పాత మట్టల మొదళ్లు మొద్దు చుట్టూ కవచం లాగా ఉండి లోపలి మొవ్వును కాపాడతాయి. వాన పడితే మళ్లీ చిగురిస్తుంది. ఎండనూ మంటనూ తట్టుకున్న ఈ చెట్టు మనిషి చేతికి మాత్రం తట్టుకోలేకపోతోంది.

కారణం మగకంకి. నాటుమందుల్లో, సత్తువ మందుల్లో వాడతారని దాన్ని కోసుకుపోతారు. ఒక్క చెట్టు కంకి కోస్తే ఏం పోతుందిలే అనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. పుప్పొడి ఉండేది మగకంకిలోనే. గుట్ట మీద ఉన్న మగకంకులన్నీ కోసేస్తే, ఆ ఏడు ఆ గుట్ట మీద ఆడచెట్లకు పనికొచ్చే విత్తనం పట్టదు. చెట్లు పచ్చగానే కనపడతాయి, పిల్లమొక్క మాత్రం ఉండదు. దున్నపోతులన్నీ అమ్ముకుని బర్రెలు ఈనలేదని ఏడ్చినట్టు ఉంటుంది. దానికి తోడు మంటలు, తవ్వకాలు. అందుకే ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించిపోయే ముప్పున్న జాబితాలో పెట్టింది. సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో మిగతా సైకస్ రకాలన్నీ రెండో అనుబంధంలో ఉంటే, పేరిత ఒక్కటి మొదటి అనుబంధంలో ఉంది. అంటే అడవి నుంచి తీసిన మొక్కతో దేశాల మధ్య వ్యాపారం అసలు కుదరదు.

ఇప్పుడు చట్టం. ఇది ప్రతి రైతూ తెలుసుకోవాలి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అంటే పులులు, జింకల కోసమే అనుకుంటాం. 1991 సవరణలో మొక్కలను కూడా చేర్చినారు. అప్పుడు ఆరవ షెడ్యూలులో పెట్టిన ఆరు పేర్లలో మన పేరిత ఒకటి. 2022 సవరణతో షెడ్యూళ్లు మారి మొక్కలన్నీ మూడో షెడ్యూలులోకి వచ్చినాయి, పేరిత అందులో ఉంది. దీన్ని అడవి నుంచి పెరకడం, దగ్గర పెట్టుకోవడం, అమ్మడం, కొనడం నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. "నా పట్టా భూమిలో పెట్టుకున్నా, నీకేంది" అంటే కుదరదు. పట్టా భూమిలో సాగు చేయాలన్నా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. అది 17సి సెక్షను. అమ్మకానికి ఇంకో లైసెన్సు, అది 17డి.

కాబట్టి ఎవరైనా సంచిలో వేసుకొచ్చి "అసలు పేరిత" అంటే రెండే అర్థాలు. ఒకటి, అది పేరిత కాదు, మామూలు సైకస్, మోసం. రెండు, అది నిజంగా పేరితే, దొంగసొత్తు. తెచ్చినోడు డబ్బులు తీసుకుని పోతాడు. మొక్క మన చేనులో ఉంటుంది, కేసు మన మీద ఉంటుంది.

ఇక్కడిదాకా చాలామంది ఒప్పుకుంటారు. ఇక్కడి నుంచి నాకు కొందరితో పేచీ.

"చట్టం గట్టిగా ఉంది కదా, అడవి శాఖ చూసుకుంటుంది, రైతుకెందుకు" అంటారు. నేను ఒప్పుకోను. ఒక చెట్టు ఒకే చోట ఉంటే, ఆ చోటికి ఏమైనా అయితే చెట్టు పాయె. ఒక పెద్ద మంట చాలు, ఒక పురుగు చాలు. గువామ్ అనే దీవిలో ఊరి చెట్టు లాగా ఎక్కడ చూసినా సైకస్ ఉండేది. 2003లో బయటి నుంచి ఒక పొలుసు పురుగు వచ్చింది. తెల్లగా సున్నం కొట్టినట్టు ఆకుకు పట్టి, కొన్నేళ్లలోనే లెక్కలేనన్ని చెట్లను చంపేసింది. మన ఇంట్లో విత్తనాల కుండ ఒకటే పెట్టుకుంటామా? రెండు మూడు చోట్ల దాచుకుంటాం. పేరితకు కూడా అట్లా రెండో కుండ కావాలి.

ఆ రెండో కుండ రైతు చేను ఎందుకు కాకూడదు? మనది ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే సీమ. ఎర్రనేల, రాతి గుట్టలు, నీళ్లు నిలవని వాలు. పేరితకు గిట్టనిది నిలవనీరు, గిట్టేది ఎండ, వాలు. కదిరి, రేకులకుంట పరిశోధన కేంద్రాల్లో ముందు కొన్ని వరుసలు నాటి చూడొచ్చు. అక్కడ నిలబడితే రైతుకు ఇవ్వొచ్చు.

దీనికి వచ్చే పెద్ద అభ్యంతరం నాకు తెలుసు. "రైతుకు లైసెన్సు ఇస్తే, అడవిలో తవ్వినవి తెచ్చి మా తోటలో పెరిగినవే అని అమ్మేస్తారు" అంటారు. మంచి ప్రశ్నే, తీసిపారేసేది కాదు. ఎర్రచందనం విషయంలో ఈ భయంతోనే పట్టా భూముల రైతులు చెట్టు పెంచినన్నాళ్లు ఒక ఎత్తు, కాగితాల కోసం తిరిగిన నాళ్లు ఒక ఎత్తు అయింది.

కానీ పేరితకు ఎర్రచందనానికి ఒక తేడా ఉంది. సైకస్ నిదానంగా పెరుగుతుంది. ఆ నిదానమే సాక్ష్యం. విత్తనం నుంచి వచ్చిన మొక్క మొదటి కొన్నేళ్లు నేలమట్టానికి ఉల్లిగడ్డ లాంటి మొదలుతో నాలుగైదు ఆకులు వేసుకుని ఉంటుంది. మొద్దు ఉండదు. అడవి నుంచి తవ్వినదానికి మొద్దు ఉంటుంది, దాని మీద ఏళ్ల తరబడి రాలిన మట్టల గుర్తులుంటాయి, మంట కాలిన మరకలుంటాయి. దాన్ని దాచలేరు. కాబట్టి నియమం చాలా సులభంగా పెట్టొచ్చు. లైసెన్సు ఉన్న రైతు మొద్దు లేని పిల్లమొక్కలే అమ్మాలి, మొద్దున్న చెట్టు తోట దాటకూడదు. అంతే. చూసిన కానిస్టేబులు కూడా తేల్చేస్తాడు, ల్యాబు అక్కర్లేదు.

ఎర్రచందనం విషయంలో కూడా కాలం కొంత మారింది. 2023 నవంబరులో సైటిస్ వాళ్లు మన దేశపు ఎర్రచందనాన్ని ఏళ్ల తరబడి పెట్టిన ప్రత్యేక సమీక్ష నుంచి తీసేసినారు. రైతు చేనులో పెరిగినది వేరు, అడవిలో నరికినది వేరు అని చూపించగలిగితే దారి తెరుచుకుంటుంది. పేరితకు అది చూపించడం ఇంకా తేలిక.

అందుకే నేను అడిగేది కొత్త చట్టం కాదు. ఉన్న చట్టంలోని లైసెన్సు మామూలు రైతుకు అందాలని. అడవి శాఖ తన నర్సరీలో విత్తనం నుంచి పెంచి, నంబరు బిళ్ల కట్టి ఇవ్వాలి. దరఖాస్తు జిల్లా అటవీ అధికారి ఆఫీసులో తీసుకోవాలి, విజయవాడ చుట్టూ తిప్పకూడదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊరి మొక్కల రిజిస్టరు ఉండాలి. మన ఊర్లో ఆ కమిటీ ఉందా, ఎవరున్నారు అని ఎప్పుడైనా అడిగినామా? వచ్చే గ్రామసభలో అడుగుదాం. పేరిత సాగు లైసెన్సు గురించి ఒక తీర్మానం రాయించుకుందాం. కాగితం కదిలితేనే పని కదులుతుంది.

సరే, ఇప్పుడే ఏదో పెట్టుకోవాలనుకునేవాళ్లకు నర్సరీ సైకస్ గురించి నాలుగు ముక్కలు.

నర్సరీల్లో ఎక్కువగా దొరికేది సైకస్ రెవల్యూటా. ఇది జపాను దక్షిణ దీవులది. దీన్ని మన దగ్గర పెంచడానికి ఆ లైసెన్సు గొడవ లేదు. కడియం నుంచి, బెంగళూరు నుంచి వస్తుంది.

మొదటిది, కాలం లెక్క. దీని మొద్దు ఏడాదికి అంగుళం అటూఇటూ పెరుగుతుంది. రెండడుగుల మొద్దు కావాలంటే ఇరవై ఏళ్ల పైమాటే. బెంగళూరోళ్లు పెద్ద చెట్టుకు పెద్ద డబ్బు ఇచ్చేది ఆ ఇరవై ఏళ్లకే. "మూడేళ్లలో లక్షలు" అనే మనిషి ఆ ఇరవై ఏళ్లను మింగేసి మాట్లాడతాండాడు. హిందూపురం మార్కెట్లో మనం అమ్మే చింతపండు తాతలు నాటిన చెట్లది కదా. చింత అయినా మధ్యలో ఏటేటా కాపు ఇస్తుంది. సైకస్ మధ్యలో ఏమీ ఇయ్యదు. అప్పు తెచ్చి పెట్టే మొక్క కాదు ఇది. వడ్డీ దానికన్నా వేగంగా పెరుగుతుంది.

రెండోది, జీవాలు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. సైకస్ ఆకు, మొద్దు, విత్తనం అన్నీ విషమే, విత్తనం మరీ ఎక్కువ. సైకసిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆస్ట్రేలియాలో ఈ జాతి చెట్ల ఆకు మేసిన పశువులు వెనక కాళ్లు పడిపోయి నడవలేకపోయినాయి. విరుగుడు మందు లేదు. మన దగ్గర కోత అయినాక ఊరి గొర్రెలన్నీ చేలల్లోనే తిరుగుతాయి. ఎండాకాలం పచ్చగా ఏది కనపడినా జీవాలు నోరు పెడతాయి. అందుకని గెనిమెల మీద, కంచె లేని చేనులో సైకస్ పెట్టొద్దు. ఒక కాపరి మంద పోతే మన నాలుగు మొక్కల లాభం దేనికి? కంచె ఉన్న చీనీ తోటలోనో మామిడి తోటలోనో, ఇంటి ముందర గోడ లోపలో పెట్టుకోండి. విత్తనాలు ఎర్రగా, నారింజ రంగులో ముద్దుగా ఉంటాయి. పిల్లకాయలు, కుక్కలు నోట్లో పెట్టుకోకుండా రాలినవి రాలినట్టు ఏరేయండి.

మూడోది, నీళ్లు. నీళ్లు లేక చచ్చే సైకస్ తక్కువ, నీళ్లెక్కువై కుళ్లే సైకస్ ఎక్కువ. డ్రిప్పు పైపు పక్కన పెట్టొద్దు. నల్లరేగడి అయితే మట్టి దిబ్బ పోసి, ఇసుక కలిపి, దాని మీద నాటండి. మొవ్వులోకి నీళ్లు పోయొద్దు.

నాలుగోది, పిలకలు. పెద్ద చెట్టు మొదట్లో గడ్డల్లాగా పిలకలు వస్తాయి. చలికాలంలో వాటిని జాగ్రత్తగా విడదీసి, ఆకులన్నీ కోసేసి, వారం పదిరోజులు నీడలో ఆరనిచ్చి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో సగం దాకా పెట్టాలి. వేరు పోయడానికి నెలలు పడుతుంది. మధ్యలో పీకి చూడొద్దు. విత్తనమైతే పైతోలు చేతికి తొడుగు వేసుకుని తీసేసి, అడ్డంగా పెట్టి సగం పూడ్చాలి. మొలక రావడానికి అదీ నెలల లెక్కే.

ఐదోది, కొత్త ఆకు. సైకస్ ఆకు ఒక్కొక్కటిగా రాదు, ఒకేసారి కిరీటం లాగా లేస్తుంది. అది మెత్తగా ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే చిన్న నీలిరంగు సీతాకోకచిలుక వచ్చి గుడ్లు పెడుతుంది. దాని పురుగు లేత ఆకు మొత్తం గీకి తినేస్తుంది. ఆకు గట్టిపడితే ఇక ముట్టదు. కాబట్టి కొత్త ఆకు లేచినప్పుడు రోజూ చూసి పురుగును ఏరేయండి, వేపనూనె కొట్టండి. అప్పుడు మొక్కను ఇంకో చోటికి మార్చొద్దు. ఆకు వెనక తెల్లటి పొలుసు కనపడితే ఆ మట్ట కోసి కాల్చేయండి. కొత్త మొక్క కొనేటప్పుడు ఆకు తిరగేసి చూసి కొనండి.

చివరిగా ఒక మాట. శ్రీగంధమైనా, సైకస్ అయినా, నిదానంగా పెరిగే చెట్టును మనకు వేగంగా డబ్బు తెచ్చేదిగా చూపించి అమ్ముతాండారు. చెట్టులో మోసం లేదు, మాటలోనే మోసం. నిదానపు చెట్టును నిదానంగానే చూడాలి. ఆదాయం కోసం శెనక్కాయ, కంది, చీనీ, మల్బరీ ఎట్లాగూ చేస్తాం. తోట మూలన ఒక చెట్టు మన పిల్లల కోసం, ఇంకో చెట్టు ఈ సీమ కోసం ఉంటే తప్పేముంది? ఆ సీమ చెట్టు పేరిత అయితే ఎంత బాగుంటుంది! లోకంలో ఇంకెక్కడా లేనిది మన కొండల్లో ఉంది. దాన్ని దొంగలు మోసుకుపోయేది కాదు, రైతు లైసెన్సుతో పెంచేది కావాలి.

మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉందో లేదో కనుక్కుని కింద రాయండి. ఊరి పేరుతో రాస్తే, అన్నీ కలిపి ఒకే అర్జీగా జిల్లా అటవీ ఆఫీసులో ఇద్దాం. గొర్రెల కాపరులకు విషం సంగతి మాత్రం ఈరోజే చెప్పండి, అది అర్జీ దాకా ఆగేది కాదు.